పాప డ్యూటీకి వెళ్ళింది

"పాప ఏదీ?"

మంచం మీంచి కాళ్ళు కిందికి దించుతూనే ఆయన అడిగే మొదటి మాట అదే. ముఖం కడుక్కోకముందు, కళ్ళజోడు వెతుక్కోకముందు, ఆఖరికి తానున్నది ఏ గదో తేల్చుకోకముందు కూడా అదే మాట.

"డ్యూటీకి వెళ్ళింది," అంది పుస్తకమ్మ, ఆయన కింద నుంచి తడిసిన దుప్పటి లాగేస్తూ.

"ఇంత పొద్దున్నేనా?"

"ఆస్పత్రి ఉద్యోగమాయె. వాళ్ళకి పొద్దూ మాపూ ఉంటాయా?"

"అవునవును," అని ఆయన బుద్ధిగా తలూపాడు. "సాయంత్రానికి వచ్చేస్తుందిలే."

"వచ్చేస్తుంది."

ఆ సాయంత్రం ఎనిమిది నెలలుగా రాలేదు. రాకపోవడానికి కారణం ఆ గదిలో ఇద్దరిలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ దుప్పటిని బకెట్లో ముంచి, వీధిలో వాళ్ళు లేచేలోగా ఆరేయాలని గబగబా పిండుతున్నారు.

పుస్తకమ్మ అన్నది ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నాటకం నడుస్తున్నంతసేపూ స్టేజీ పక్కన వింగులో ముక్కాలిపీట వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, మాట మరిచిన నటుడికి మాట అందించడం ఆమె పని. నలభై ఏళ్ళుగా అదే పని. ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ఆయన్నేమో ఊరంతా మహారాజు అంటారు. ఆ పాత నాటకంలో రాజు వేషం ఆయనకి తప్ప ఎవరికీ నప్పదని పేరు. ఇక పాపకి ముప్ఫై ఒకటి. పట్టేసిన కాళ్ళకీ చేతులకీ వ్యాయామాలు చేయించి మనుషుల్ని మళ్ళీ నడిపించే ఉద్యోగం, ఊరికి ఆ చివరున్న ఆస్పత్రిలో. ఎన్నేళ్ళొచ్చినా ఆ ఇంటికి పాపే.

మాట అందించడమంటే పుస్తకం చదివి వినిపించడం కాదు. మొదటి రెండక్షరాలు ఊపిరితో కలిపి వదలాలి, అంతే. మరిచిపోయిన మనిషికి వినపడాలి, మొదటి వరసలో కూర్చున్న మనిషికి వినపడకూడదు. ఆ విద్యలో పుస్తకమ్మని మించినవాళ్ళు లేరు. ఏడాదిగా ఆ విద్య ఇంట్లోనూ అక్కరకొస్తోంది. వీధిలో ఎవరైనా ఎదురైతే ఆమె ఆయన భుజం వెనక నిలబడి, పెదవి కదపకుండా, "కరెంటాఫీసు" అనేది. "ఏమోయ్, కరెంటాఫీసులో పని ఎలా ఉంది?" అని ఆయన గంభీరంగా పలకరించేవాడు. అవతలి మనిషి పొంగిపోయేవాడు. మహారాజుకి ఎంత జ్ఞాపకశక్తి అని వీధంతా ముక్కు మీద వేలేసుకునేది.

ఇందులో ఆమెకి బాధ లేదని కాదు. బాధ ఉంది, భయం ఉంది, తడి దుప్పట్లతో నడుం విరిగిపోతోంది. కానీ అన్నిటికీ అడుగున, ఎవరితోనూ చెప్పుకోలేని చిన్న సంతోషం కూడా ఉంది. నలభై ఏళ్ళు జనం ఆయనకే చప్పట్లు కొట్టారు. వింగులో ఒక మనిషి ఉందని ఏ ఒక్కరూ తొంగి చూడలేదు. ఇప్పుడు ఆయన ఆమె లేకుండా చొక్కా గుండీ కూడా పెట్టుకోలేడు. నేనుండగా ఆయనకేం లోటు అని ఆమె తనకి తాను చెప్పుకునేది. పచ్చిగా చెప్పాలంటే, ఆ లోటు అలాగే ఉంటే బాగుండునని ఆమెలో ఏ మూలో ఉంది.

*

ఆ శనివారం ఉదయం వీధి చివరి స్కూల్లో పనిచేసే టీచరమ్మ వచ్చింది.

"మహారాజుగారూ, మీ నాటకమే ఈ ఏడు పిల్లలకి పాఠం పెట్టారండీ. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. 'ఈ విషాదానికి బాధ్యులెవరు?' అని. గైడులో నాలుగు ముక్కలు రాసి వదిలేశారు. మిమ్మల్నే అడుగుదామని వచ్చాను."

ఆయన మొహం వెలిగిపోయింది. నిన్న ఏం తిన్నాడో చెప్పలేని మనిషి, ఆ నాటకం మాట వినగానే నిటారుగా కూర్చున్నాడు. పుస్తకమ్మ వంటింట్లో కూర తరుగుతూ చెవులు ఇటే పెట్టింది. అవసరమైతే అందించాలి కదా.

అవసరం రాలేదు.

"కథ మీకు తెలిసిందేనమ్మా," అన్నాడు ఆయన. "నిండు సభలో కూతురు లేచి, 'నాన్నా, కోట వెనక గోడ బీటలు వారింది, ఈ వానాకాలం దాటదు' అంటుంది. తాత కట్టిన గోడ! రాజుకి తల కొట్టేసినట్టవుతుంది. 'బయటికి నడు. నేను నా నోటితో తలుపు తీయండి అనేదాకా ఈ తలుపు తీయడానికి వీల్లేదు' అని శాసనం. పిల్ల పౌరుషంగా వెళ్ళిపోతుంది. వెళ్ళి ఊరుకుంటుందా? ఆ గోడ కిందే నిలబడి, ఊళ్ళోవాళ్ళని పోగేసి, బయటి నుంచి దుంగలు ఊతంగా పెట్టిస్తూ ఉంటుంది. గోడ ఆమె మీదే కూలుతుంది. అప్పుడంటాడు రాజు, తలుపు తీయండి అని. తీసి ఏం లాభం? లోపలికి రావలసిన మనిషి లేదు."

"అయితే తప్పు రాజుదేనా అండీ?"

"పిల్లలు అలాగే రాస్తారు. మీరు మార్కులు సగమే వేయండి," అని ఆయన నవ్వాడు. "రాజుకి అహంకారం, ఒప్పుకుంటాను. పిల్ల చెప్పింది నిజమే, కానీ చెప్పిన చోటేమిటి? తండ్రిని ఒక్కణ్ణి గదిలో కూర్చోబెట్టి చెబితే ఆయన వినేవాడేమో. నలుగురిలో నిలబెట్టి అడిగేసింది, అదీ వాళ్ళ నాన్న పోలికే. ద్వారపాలకుడున్నాడు, మంచివాడు. రాజు పశ్చాత్తాపపడుతున్నాడని కళ్ళారా చూస్తూ కూడా, నోటి మాట రాలేదని తలుపు తీయడు."

"మరి రాణి? పాపం, ఆవిడదేం లేదు కదా."

వంటింట్లో కత్తిపీట ఆగింది.

"రాణికి నాటకం మొత్తంలో పదకొండు మాటలు. అందుకే ఎవరూ ఆవిణ్ణి పట్టించుకోరు," అన్నాడు ఆయన. "గోడ పగులు అందరికంటే ముందు చూసింది రాణే. చూసి ఏం చేసింది? రాజు మనసు కష్టపెట్టుకుంటాడని దాని మీద పట్టు పరదా కట్టించింది. రోజూ ఆ పరదా సర్దేది. ప్రేమేనమ్మా, కాదనను. కానీ ఆ పరదా లేకపోతే రెండో అంకంలోనే రాజు గోడ చూసుకునేవాడు, నాటకం అక్కడే సుఖంగా ముగిసేది."

టీచరమ్మ గబగబా రాసుకుంది. ఆయన తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలి, ఒక్క క్షణం ఆమెనే చూశాడు. చూసి, "ఇంతకీ మీరెవరమ్మా?" అన్నాడు.

"చమత్కారం!" అంటూ పుస్తకమ్మ టీ కప్పుతో ఊడిపడింది. "ఆయనంతేనమ్మా, నాటకంలోంచి బయటికి రావడానికి అరగంట పడుతుంది. మా వీధి టీచరమ్మ కదండీ!"

"ఆ, టీచరమ్మ, టీచరమ్మ," అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. నవ్వుతూనే పుస్తకమ్మ వంటింట్లోకొచ్చి చూసుకుంటే బొటనవేలు తెగి రక్తం కారుతోంది. ఎప్పుడు తెగిందో ఆమెకి తెలియలేదు.

*

మధ్యాహ్నం పాప ఫోన్ చేసింది. వారానికోసారి, ఆయన కునుకు తీసే వేళకి చేస్తుంది.

"నాన్న కాళ్ళెలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి."

"అడుగు తీసి వేస్తున్నాడా, నేల మీద ఈడుస్తున్నాడా?"

"నువ్వొకదానివి, ఎప్పుడూ ఆ కాళ్ళ గొడవే."

గొడవ మొదలైంది నిజంగా ఆ కాళ్ళ దగ్గరే. ఏడాది కిందట ఆయన నడక మారింది. పాదాలు నేలకి అతుక్కున్నట్టు, ఒక్కో అడుగూ ఊడదీసుకుంటున్నట్టు నడిచేవాడు. చివరి అంకంలో ఓడిపోయిన రాజు సింహాసనం దిగి అలా నడిచేసరికి హాలంతా నిశ్శబ్దమైపోయేది. పేపర్లో కూడా రాశారు, ఈ నటుడు ఓటమిని కాళ్ళతో నటిస్తున్నాడని. ఆయన ఆ ముక్క కత్తిరించి అద్దం మూల అతికించుకున్నాడు.

పాప ఆ నడకని కొన్నాళ్ళు గమనించింది. ఒకరోజు మేకప్ గదిలో, సగం రంగు వేసుకుని కూర్చున్న తండ్రి ముందు, నాటకం కంపెనీ అంతా వింటుండగా అనేసింది. "నాన్నా, ఇది నటన కాదు, జబ్బు. రోజూ ఇలాంటి నడకలు నేను చూస్తూనే ఉంటాను. మాటలు కూడా మరిచిపోతున్నావు. అమ్మ అందించకపోతే నువ్వు ఒక్క సీను నడపలేవు. రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం, అప్పటిదాకా ఈ వేషం ఇంకెవరికైనా ఇవ్వు."

ఆయన అద్దంలోంచే కూతుర్ని చూశాడు. "ఊరంతా ఆకాశానికెత్తుతున్న నడక నీకు రోగంలా కనిపించిందా?" అని, భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. నేను మాటలు మరిచిపోతున్నానా?"

గదిలో అందరూ పుస్తకమ్మ వైపు చూశారు. అంతకుముందు రోజు ఆయన మూడో అంకం మొత్తం మరిచిపోతే, ప్రతి మాటా తనే అందించింది. ఆ సంగతి ఆమె నాలుక చివరే ఉంది.

"మీరు మరవడమేమిటండీ," అంది. "దానికి ఆస్పత్రిలో అందరూ రోగుల్లాగే కనిపిస్తారు."

పాప మొహం పాలిపోయింది. "అమ్మా!" అంది, ఒక్క మాట.

"బయటికి నడు," అన్నాడు మహారాజు. "నేను పిలిచేదాకా నా గడప తొక్కకు."

"నువ్వు పిలిచినా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునే వస్తాను," అని పాప బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆస్పత్రి దగ్గరే ఒక గది అద్దెకి తీసుకుంది.

ఆ శాసనం ఆయనకి గుర్తున్నది నాలుగంటే నాలుగు రోజులు. ఐదో రోజు పొద్దున్న లేచి, "పాప ఏదీ?" అన్నాడు. కోపం లేదు, గొడవ జ్ఞాపకమే లేదు. పుస్తకమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఆలోచించింది. పాప వస్తే ఊరుకోదు, ఆయన్ని డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోతుంది. డాక్టరు ఒక పేరున్న జబ్బు చెబుతాడు, వేషం పోతుంది. వేషం పోతే ఈ మనిషి బతకడు. వింగులో ముక్కాలిపీటా పోతుంది. ఫోన్ పక్కన పెట్టేసి, "డ్యూటీకి వెళ్ళింది" అంది.

అందించిన మాట ఆయన అందుకున్నాడు. అలవాటే కదా.

ఇప్పుడు ఫోన్లో పాప మెల్లగా అడిగింది. "నా గురించి ఏమైనా అడిగాడా?"

"ఇంకా కోపంగానే ఉన్నారే. కాస్త ఓపిక పట్టు. సమయం చూసి నేనే చెబుతాగా."

"ఎనిమిది నెలలైందమ్మా."

"ఆయన సంగతి నీకు తెలియందేముంది?"

"తెలుసు. నా సంగతీ ఆయనకి తెలుసు," అని పాప పెట్టేసింది.

*

మర్నాడు ఆదివారం మూడింటి ఆట. హాలు నిండింది. టీచరమ్మ తన క్లాసుని కూడా తీసుకొచ్చింది.

మహారాజు స్టేజీ మీద పాటించే కట్టుబాటు ఒకటుంది. రాజు నోటి నుంచి 'తలుపు తీయండి' అన్న మాట వచ్చాకే తెర పడాలి. ఒకసారి ఎవరో తొందరపడి ముందే వేస్తే వారం రోజులు ఆ మనిషి మొహం చూడలేదు. అప్పట్నుంచీ తెర తాడు సొంత తమ్ముడికే అప్పజెప్పాడు. పుస్తకమ్మకి మరిది. కంపెనీలో వడ్రంగి పని కూడా అతనిదే. అన్నయ్య మాటంటే అతనికి గీసిన గీత.

మొదటి మూడు అంకాలూ పుస్తకమ్మ చెమటోడ్చి గట్టెక్కించింది. చివరి అంకం వచ్చింది. గోడ కూలిన చప్పుడైంది. రాజు సింహాసనం దిగి, పాదాలు ఊడదీసుకుంటూ నడిచొచ్చి, నడి స్టేజీలో ఆగాడు. ఇక్కడ ఆయన కాసేపు మౌనంగా నిలబడతాడని అందరికీ తెలుసు. హాలు ఊపిరి బిగబట్టింది.

"తలు..." అని అందించింది పుస్తకమ్మ.

ఆయన కదల్లేదు.

"తలుపు..." కాస్త గట్టిగా.

ఆయన చేతులు గాలిలో దేనికోసమో తడుముకుంటున్నాయి. ముందు వరసలో ఎవరో దగ్గారు. పట్టు వస్త్రం మీద, మోకాలి దగ్గర నుంచి, నల్లగా తడి పాకుతోంది. రోజూ పొద్దున్నే చూసే తడి.

"తెర వేసెయ్యి," అంది పుస్తకమ్మ మరిదితో.

"అన్నయ్య మాట అనలేదు కదా వదినా."

"ఆయన్ని చూడు, ఎలా ఉన్నారో! వెయ్యి!"

"నాకూ కనిపిస్తోంది వదినా," అన్నాడు అతను ఏడుపు గొంతుతో. తాడు మాత్రం వదల్లేదు. "మాట రాకుండా వేస్తే నన్ను బతకనిస్తాడా? ఇంకోసారి అందించు, అంటాడు."

"తలుపు తీయండి!" మొత్తం మాట అందించేసింది, మొదటి వరసకి వినపడుతుందన్న భయం కూడా వదిలేసి.

ఆయన ఆ గొంతు వైపు తిరిగాడు. వింగులో ముక్కాలిపీట మీదున్న మనిషిని చూశాడు. పొద్దున్నే మంచం మీంచి చూసే చూపు అది. రాజు గొంతులో, హాలు చివరి గోడ దాకా వినపడేలా అడిగాడు.

"పాప ఏదీ?"

నాటకంలో ఆ మాట లేదు. కానీ కూతుర్ని పోగొట్టుకున్న రాజు అడగాల్సిన మాటే కదా. జనానికి ఒళ్ళు జలదరించింది. ఎవరో ముక్కు చీదారు.

పుస్తకమ్మ ఆలోచించలేదు. ఎనిమిది నెలల అలవాటు, పెదవి దానంతటదే కదిలింది.

"డ్యూటీకి వెళ్ళింది."

రాజు అందుకున్నాడు. ఛాతీ విరుచుకుని, చెయ్యెత్తి, సభకంతటికీ ప్రకటించాడు.

"పాప డ్యూటీకి వెళ్ళింది! సాయంత్రానికి వచ్చేస్తుంది!"

ఎక్కడో ఒక పిల్ల కిసుక్కుమంది. ఆ నవ్వు వరస నుంచి వరసకి పాకి హాలంతా ఘొల్లుమంది. పాపం, వాళ్ళ తప్పు లేదు. మహారాజు ఆ నవ్వుల మధ్య, తడిసిన పట్టు వస్త్రంతో, ఇందులో నవ్వేదేముందో తెలియక, అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తున్నాడు.

చివరి వరసలోంచి ఒక మనిషి లేచి పరుగున వచ్చింది. పక్క మెట్లెక్కి, వింగులోకొచ్చి, బాబాయ్ చేతిలోంచి తాడు లాగేసుకుంది. తెర దభాలున పడింది.

ఆయన నడక తనే చూసుకుందామని ఎవరికీ చెప్పకుండా ఆటకి వచ్చిన పాప, నేరుగా తండ్రి దగ్గరికెళ్ళింది. తన చున్నీ తీసి ఆయన నడుముకి చుట్టింది. ఆయన ఆమెని చూసి హాయిగా నవ్వాడు.

"వచ్చావా? డ్యూటీ అయిపోయిందా?"

"అయిపోయింది నాన్నా."

"పొద్దున్ననగా వెళ్ళావు. ఏమైనా తిన్నావా?"

పాప ఆ కళ్ళలో కోపం కోసం వెతికింది. కోపం లేదు. క్షమించిన గుర్తు కూడా లేదు. క్షమించడానికి ఏదో జరిగిందన్న సంగతే అక్కడ లేదు. ఆమె మెల్లగా తల్లి వైపు తిరిగింది.

"డ్యూటీకి వెళ్ళిందని నువ్వే అందించావు. ఆయన నీ వైపు తిరిగి అడగడం చూశాను. ఎన్నాళ్ళుగా అడుగుతున్నాడు?"

పుస్తకమ్మ పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది.

"చెప్పు. ఎన్నాళ్ళుగా?"

"రోజూ," అంది పుస్తకమ్మ. "రోజూ పొద్దున్నే."

"నువ్వు వెళ్ళిన వారం నుంచీ అడుగుతూనే ఉన్నాడమ్మా," అన్నాడు బాబాయ్ నేల చూస్తూ.

"మీక్కూడా తెలుసన్నమాట."

"వదిన చెప్పొద్దంది. అన్నయ్యేమో పిలవలేదాయె. నేనెవర్ని మధ్యలో..."

"కోపంగా ఉన్నాడన్నావు," అంది పాప, తల్లితోనే. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "నిన్న కూడా అన్నావు. నేను గదిలో కూర్చుని, మా నాన్న నన్ను అసహ్యించుకుంటున్నాడని ఎనిమిది నెలలు ఏడ్చాను. ఆయన ఇక్కడ రోజూ నాకోసం అడిగాడు. మధ్యలో నువ్వు నిలబడి ఇద్దరికీ చెరో అబద్ధం అందించావు."

"ఆయన నవ్వులపాలవుతారని భయపడ్డానే. స్టేజీ లేకపోతే ఆయన..."

తెర అవతల నవ్వులు ఇంకా ఆగలేదు. పాప ఆ వైపు చెయ్యి చూపించింది. ఇంకేమీ అనలేదు.

పుస్తకమ్మ ముక్కాలిపీట మీద కూర్చుంది. నలభై ఏళ్ళు ఆ పుస్తకంలో ప్రతి అక్షరం చదివింది. రాజుని తిట్టుకుంది, పిల్లకోసం ఏడ్చింది, ద్వారపాలకుడికి బుద్ధి లేదనుకుంది. పదకొండు మాటల రాణిని మాత్రం ఏనాడూ పట్టించుకోలేదు. ఒళ్ళో ఉన్న పుస్తకం మీద కన్నీళ్ళు పడుతున్నా తుడవాలనిపించలేదు.

*

"ఇది వయసుతో వచ్చే మరుపు కాదండీ," అన్నాడు డాక్టరు, స్కానింగు ఫిల్మ్ వెలుతురుకి పెట్టి. "తలలో నీరు చేరి మెదడుని ఒత్తుతోంది. పాదాలు నేలకి అతుక్కోవడం, మరుపు, మూత్రం మీద పట్టు తప్పడం, మూడూ దాని గుర్తులే. ఎప్పటి నుంచి?"

పుస్తకమ్మ మొదటిసారి ఏదీ దాచలేదు. నడక ఎప్పుడు మారిందో, మాటలు ఎప్పుడు జారాయో, దుప్పట్లు ఎప్పటి నుంచి తడుస్తున్నాయో తేదీలతో సహా చెప్పింది. పుస్తకం చూడకుండా చెప్పింది.

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నడక మారిన కొత్తలో వచ్చి ఉంటే చాలా మటుకు తిరిగొచ్చేది. ఆపరేషన్ చేసి సన్నటి గొట్టం వేస్తాం, ఆ నీరు పొట్టలోకి దిగిపోతుంది. కాళ్ళు కొంత బాగుపడతాయి. జ్ఞాపకం సంగతి మాత్రం నేను మాటివ్వలేను."

బయట బెంచీ మీద పాప చాలాసేపు తన చెప్పులే చూసుకుంటూ కూర్చుంది. "నేనూ తక్కువదాన్నేం కాదు," అంది ఎవరితోనో అన్నట్టు. "బస్సెక్కితే ఇరవై నిమిషాలు. ఎక్కలేదు. ఆయన పిలవాలని కూర్చున్నాను. ఆ రోజు నలుగురిలో అనకుండా, ఇంటికొచ్చాక అని ఉంటే..." తర్వాతి మాట రాలేదు. అందించడానికి పుస్తకమ్మ దగ్గర కూడా ఏమీ లేదు.

ఆపరేషన్ అయింది. గడప తొక్కడానికి పాప ఒకటే షరతు పెట్టింది. "ఆయనకి ఇక అబద్ధం చెప్పకు." అంతే. ఆ తర్వాత ఆమె తల్లితో మాట్లాడింది మందుల గురించే, అదీ ఏ పిలుపూ లేకుండా, గోడకి చెబుతున్నట్టు.

పుస్తకమ్మ మాట తప్పలేదు. రోజూ పొద్దున్నే ఆయన "పాప ఏదీ?" అనడం, ఆమె మంచం పక్కన కూర్చుని నిజం చెప్పడం. "పాప ఆస్పత్రి దగ్గర వేరే గదిలో ఉంటోందండీ. మీరు వెళ్ళిపొమ్మన్నారు, తర్వాత మరిచిపోయారు. రానివ్వకుండా ఆపింది నేనే. ఇంకాసేపట్లో వస్తుంది." ఆయన జాలిగా వినేవాడు, ఎవరింట్లోనో జరిగిన కథ విన్నట్టు. "అయ్యో," అనేవాడు. మర్నాటికి అది నిలిచేది కాదు. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. రోజుకొకసారి అదే తప్పు, కొత్తగా.

నెల గడిచింది. ఒకరోజు ఆయన మంచం దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, అడుగు తీసి అడుగు వేస్తూ ముందుగదిలోకి నడిచాడు. పాదాలు నేల వదిలాయి! పుస్తకమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడే తలుపు చప్పుడైంది. ఆమె వెళ్ళి తీసింది. డ్యూటీకి ముందు రోజూ వచ్చినట్టే పాప వచ్చి, గుమ్మంలో నిలబడి తండ్రి నడక చూసింది. మొహం వికసించింది.

"నాన్నా!"

ఆయన కుర్చీలో కూర్చుంటూ తలెత్తాడు. మర్యాదగా, కొత్తవాళ్ళని చూసినట్టు చూశాడు.

"రామ్మా, కూర్చో. ఎవరి కోసం? మా పాప కోసమా?"

పుస్తకమ్మ పెదవి కదిలింది. ఒక్క రెండక్షరాలు చాలు. ఆయన అందుకుంటాడు, అందుకుని "ఆ, పాప!" అంటాడు, ఈ ఒక్క పూటకీ గండం గడుస్తుంది. పాప ఆమె వైపే చూస్తోంది. పుస్తకమ్మ పెదవులు బిగించుకుంది. ఎవరూ అందించని నిశ్శబ్దంలో ఆయనే, తడుముకోకుండా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అన్నాడు.

"మా పాప డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రానికి వచ్చేస్తుంది."

నెల రోజులుగా చెప్పిన నిజం ఒక్క ముక్క నిలవలేదు. ఎనిమిది నెలలు అందించిన ఆ మాట మాత్రం కంఠతా వచ్చేసింది. పుస్తకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తలుపుకి ఆనుకుంది. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

పాప బ్యాగు పక్కన పెట్టి, తండ్రి ముందు నేల మీద కూర్చుంది.

"అలాగేనండీ. ఆవిడ వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను," అంది. "ఈలోగా మీ కాళ్ళు చూస్తాను."

"నీకెందుకమ్మా శ్రమ," అన్నాడు ఆయన, కానీ కాలు చాపాడు.

పాప ఒక పాదం ఒళ్ళోకి తీసుకుని మడమ దగ్గర మెల్లగా ఒత్తడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళు దాని మీదే పడుతున్నాయి. తల ఎత్తకుండానే అంది.

"అక్కడ నిలబడి ఏం చేస్తావమ్మా? వచ్చి ఆ రెండో కాలు పట్టుకో."

పాప నోట 'అమ్మా' అన్న పిలుపు విని నెల దాటింది. పుస్తకమ్మ వెళ్ళి కూతురి పక్కన నేల మీద కూర్చుని, రెండో పాదం ఒళ్ళో పెట్టుకుంది.